తిట్లకే చేపే గేదె

డిసెంబరు 22

అలవాటు మార్పిడి చేయించుకున్నవాళ్లు ఏడాది ఆఖరుదాకా రోజూ నాలుగు ముక్కలు రాయాలని కేంద్రంలో హసీనా చెప్పింది. ఏం రాయాలమ్మా అని అడిగితే, "కొత్త అలవాటు ఎట్టా కుదురుకుంటుందో రాయి మామా, చాలు" అంది. రాస్తున్నాను.

ఈ రోజు నా తిట్లు ఇచ్చేశాను.

ఏడాది చివర ప్రతి మనిషీ కూర్చుని తనను తాను చూసుకోవాలి, వద్దనుకున్న అలవాటు ఒకటి వదిలించుకోవాలి. మా ఊళ్లో అది పద్ధతి. వదిలించుకోవడమంటే పారేయడం కాదు. పారేసే విద్య ఇంకా రాలేదు. నాలోంచి తీసింది ఇంకో మనిషిలో పెట్టాలి, ఆ మనిషిది నాలో పెట్టాలి. మొదట్లో ఎవరిదో చుట్ట అలవాటు తీసి గాలికి వదిలితే, ఊళ్లో కుక్కలన్నీ పొగాకు కాల్చే బేరన్ చుట్టూ చేరి కూర్చున్నాయంటారు. నేను చూడలేదు.

పోయినేడు నేను కూడా చుట్టే ఇచ్చాను. బదులుగా పంచె మడతపెట్టే అలవాటు వచ్చింది. అంతకుముందు విడిచిన పంచె విడిచిన చోటే ఉండేది. ఇప్పుడు తడి పంచె కూడా మడతపెడుతున్నాను. నా భార్య పేరమ్మ దాన్ని మళ్లీ విప్పి ఆరేస్తుంది.

ఈ ఏడు ఏం సాధించానని చూసుకుంటే చెప్పుకోదగ్గది లేదు. కంచె కొత్తగా వేద్దామనుకున్నాను, వేయలేదు. మోకాలు చూపించుకుందామనుకున్నాను, అదీ లేదు. నోరు మాత్రం బాగా పనిచేసింది. దాని వల్ల ఊరికి నీళ్లు వదిలే యంత్రం, అదే నీళ్ల కంబం, దాని దగ్గర చాలా ఇబ్బంది పడ్డాను. తిట్టు చెవిన పడితే కంబం నీళ్లు కట్టేస్తుంది. "దయచేసి మర్యాదగా అడగండి" అంటుంది. నేను మర్యాద గుర్తుతెచ్చుకునేలోపు నా వెనకున్నవాళ్లు నన్ను తిడతారు. అప్పుడు వాళ్లకూ కట్టేస్తుంది. వరసంతా బిందెలతో ఎండలో నిలబడ్డ రోజులున్నాయి. అందుకని తిట్లు వదిలెయ్యాలనుకున్నాను.

తీసుకోవడానికి పిండిమర కేశవులు ముందుకొచ్చాడు. వరసకు బావమరిది. అతనిది "సరే" అనే అలవాటు. ఎవరేం అడిగినా సరే అంటాడు. అరువుకు పిండి పట్టమంటే సరే. వరస తప్పించి ముందు నాది పట్టమంటే సరే. ఆ వెనకే ఇంకొకరు వచ్చి ముందు నాది అంటే వాళ్లకీ సరే. ఆ అలవాటుతో విసిగిపోయాడు.

హసీనా మా ఇద్దరి తలల మీద కుక్కర్ మూతల్లాంటివి పెట్టింది. చెవుల్లో ఈల మోగింది. అంతే. బయటికి వస్తుంటే నా కాలి బొటనవేలు గడపకు కొట్టుకుంది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

"నీ గడప కాల!" అన్నాడు వెనకనుంచి కేశవులు. అని, తనే ఉలిక్కిపడి, తర్వాత నవ్వాడు. వాడు అంత బాగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

డిసెంబరు 23

పొద్దున కంబం దగ్గర మంచి నీళ్లు, వాడకం నీళ్లు రెండూ గొడవ లేకుండా పట్టాను. కంబం "ధన్యవాదాలు ఓబులేసు గారూ" అంది. నన్ను గారూ అనడం అదే మొదలు.

ఇంటికొచ్చి పాలచెంబు పట్టుకుని కాటుక దగ్గర కూర్చున్నాను. కాటుక మా గేదె. ఊరికంతటికీ పాలు సొసైటీ తొట్టిలో తయారవుతాయి. గేదె పాలు మా ఇంట్లోనే ఉన్నాయి. పొదుగు కడిగాను, చన్నులకు నూనె రాశాను. లాగాను. చేపుకు రాలేదు, పాలు దిగలేదు.

ఎందుకో నాకు కాసేపటికి తెలిసింది. వానాకాలంలో దీని దూడ పోయింది. దూడ లేని గేదెను చేపించడం కష్టం. నేను రోజూ కింద కూర్చుని దాన్ని తిడుతూ పిండేవాణ్ణి. నీ పాడె గట్ట, నీ దుంపదెగ, నీ జిమ్మడ అని మొదలుపెట్టి దాని తల్లి దగ్గరికి, అక్కడినుంచి దాన్ని అమ్మినవాడి దగ్గరికి వెళ్లేవాణ్ణి. అదే దానికి దూడ అరుపులాగా అయిపోయింది. తిట్టు ఆగితే ధార ఆగుతుంది.

తిట్టి చూశాను. మాటలు తెలుసు. అలవాటు లేదు. "నీ పాడె గట్ట" అనేది, ఏమమ్మా నీ పాడె కట్టవచ్చునా అని అడిగినట్టు వచ్చింది. కాటుక తల తిప్పి నన్ను వాసన చూసింది.

"నువ్వు తిట్టవే" అన్నాను పేరమ్మతో.

"కుదరదు" అంది.

పేరమ్మకు తిట్టడం రాదు. కాదనడం వచ్చు. ఏదడిగినా ముందు కుదరదంటుంది. తర్వాత చేసేది చేస్తుంది. మా పెళ్లిచూపుల్లో కూడా ముందు కుదరదనే అంది.

డిసెంబరు 24

రెండు పూటలూ పాలు లేవు. పొదుగు గట్టిపడుతోంది. కాటుక రాత్రంతా కాలు మార్చి కాలు మీద నిలబడిందని పేరమ్మ అంది.

ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త ఏడాదికి కంబం పశువుల నీళ్ల వంతు రాస్తుంది. పాత ఏడాది ఆఖరి పూట పాలిచ్చిన పశువుకే వంతు. ఇచ్చిందో లేదో దాని చెవిపోగు కంబానికి చెబుతుంది, మనం చెప్పేది కంబం వినదు. వంతు లేని పశువును ఇక్కడ ఉంచుకోలేం. కొండ అవతలి సంతకు తోలాల్సిందే. అక్కడికి పోయిన గేదె తిరిగి రావడం నేను ఎరగను.

తిట్లు వెనక్కి తెచ్చుకుందామని పిండిమర దగ్గరికి వెళ్లాను. ఏడాది ఆఖరి రోజు పొద్దుగుంకేదాకా ఇద్దరికీ ఇష్టమైతే తిరిగి మార్చుకోవచ్చు. మర ముందు జనం చీమల బారులాగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరినీ తోయడం లేదు. కేశవులు నడుము మీద చెయ్యి పెట్టుకుని పిండి గంపల మధ్య తిరుగుతున్నాడు.

"కేశవులూ, నా తిట్లు నాకిచ్చెయ్యరా. కాటుక చేపట్లేదు" అన్నాను.

"ఇవ్వను! నీ దుంపదెగ, ఇన్నాళ్లూ ఇంత సుఖం నువ్వొక్కడివే అనుభవించావా బావా?"

"సరే" అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, నా దగ్గర ఇప్పుడు ఉన్నది వాడి అలవాటని. దీనితో వాణ్ణి ఒప్పించడం అయ్యే పని కాదు. వాడు కాదంటాడు, నేను సరే అంటాను.

దారిలో దోమల కమిటీకి కార్యదర్శిగా ఉండమన్నారు. సరే అన్నాను. పాడైపోయిన సోలార్ పలకలు మా కొట్టంలో పెట్టుకుంటామన్నారు. సరే అన్నాను. ఇంటికొచ్చేసరికి ఎవరివో రెండు పందెం పుంజులు కూడా నా చంకల్లో ఉన్నాయి.

"ఇవేంది?" అంది పేరమ్మ.

"పండగదాకా మేపమన్నారు."

"కుదరదని చెప్పకపోయావా?"

"సరే, చెబుతాను" అన్నాను. చెప్పలేదు.

డిసెంబరు 25

పేరమ్మ తనే వెళ్లి కేశవులుతో మాట్లాడింది. నన్ను నోరు తెరవొద్దంది. సరే అన్నాను.

"తిట్లు ఇవ్వకపోతే ఇవ్వకపోయావు, రోజూ రెండు పూటలా వచ్చి మా గేదె దగ్గర తిట్టి పోరా" అంది.

"నాకేం వస్తదక్కా?"

"సగం పాలు."

"ముప్పాతిక."

"కుదరదు."

"సరే" అన్నాను నేను. పేరమ్మ నా చెయ్యి గిల్లింది. బేరం సగం దగ్గరే తెగింది.

డిసెంబరు 26

కేశవులు పొద్దున్నే వచ్చాడు. పీట వేసుకున్నాడు. "ఏమే నల్లదానా, నీ పాడె గట్ట" అన్నాడు.

కాటుక చెవులు వెనక్కి వేసింది. కళ్లు మూసుకుంది. చేపింది. చెంబులో ధార పడుతున్న చప్పుడు విని పేరమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఒక మాట రాయాలి. అవి నా తిట్లే. ఒక్కటి కూడా మార్చలేదు. కానీ వాటిని ఏ వరసలో తిట్టాలో వాడికి తెలియదు. జిమ్మడ అన్నది ధార సన్నబడ్డప్పుడు అనాలి. వాడు మొదట్లోనే అనేస్తున్నాడు. అట్టా అయినా అది చేపింది. గేదెకు అంత పట్టింపు లేదని తెలిసి కొంచెం బాధగా ఉంది.

డిసెంబరు 28

నిన్న ఏమీ రాయలేదు. దోమల కమిటీ సమావేశం జరిగింది. అధ్యక్షుడిగా ఉండమన్నారు.

ఈ పొద్దున పిండడం అయ్యాక కేశవులు కాటుక వీపు నిమిరాడు.

"బావా, ఇది నా మాటకే పాలిస్తుంది. నీ కొట్టంలో ఉండి ఏం లాభం? నాకిచ్చెయ్."

పేరమ్మ లోపలినుంచి "కుదరదు!" అని అరిచింది. అరిచి ఉపయోగం లేదు. గేదె నా పేరున ఉంది. పశువు చేతులు మారాలంటే యజమాని నోటి మాటే కావాలి. దాన్ని చెవిపోగు వింటుంది. తొందరపడి ఎవరూ మోసపోకూడదని మూడు రోజులు మూడుసార్లు అడుగుతుంది.

"సరే" అన్నాను.

కాటుక చెవిపోగులో పచ్చ దీపం వెలిగింది. "ఒకటోసారి" అంది చెవిపోగు.

నాకు ఇవ్వాలని లేదు. ఈ మాట ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. రాసేటప్పుడు నా ఇష్టం నాకు తెలుస్తూనే ఉంది. ఎవరైనా ఎదురుగా నిలబడి అడిగితేనే సరే వస్తుంది.

డిసెంబరు 29

కేశవులు రాకముందే పేరమ్మ నా నోట్లో తువ్వాలు కుక్కింది. పుంజుల పక్కన గంప కింద కూర్చోమంది. సరే అనబోయాను, తువ్వాలు అడ్డం వచ్చింది. తల ఊపాను.

"బావేడక్కా?"

"ఊళ్లో లేడు."

"గంప కింద ఆ పంచె ఎవరిది?"

పంచె చెంగు బయటికి ఉంది. మడతపెట్టే ఉంది. కేశవులు గంప ఎత్తాడు.

"బావా, గేదె నాకిస్తావు కదా?"

తల ఊపాను. చెవిపోగు ఏమీ అనలేదు. దానికి తల ఊపడం లెక్కలోకి రాదు. పేరమ్మ ఊపిరి పీల్చుకుంది.

"ఆ తువ్వాలు తియ్యి బావా" అన్నాడు కేశవులు.

తీసి, సరే అన్నాను.

"రెండోసారి" అంది చెవిపోగు.

పేరమ్మ నా చేతిలో తువ్వాలు లాక్కుంది. పొద్దుగుంకేదాకా కాటుక దగ్గర కూర్చుని దాని ఒంటిని పట్టిన గోమార్లు ఏరింది. అది ఆమె ఒడిలో మూతి పెట్టుకుంది. దూడ పోయిన రోజు కూడా అట్టాగే పెట్టుకుంది.

డిసెంబరు 30

పేరమ్మ పొద్దున లేస్తూనే చీర మార్చుకుంది. "నడువు, కేంద్రానికి. నా అలవాటు నీకిస్తా, నీది నేను తీసుకుంటా" అంది.

సరే అన్నాను. ఆ అలవాటు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

హసీనా మూతలు పట్టుకుని పేరమ్మ వైపు చూసింది. "అత్తా, నీ అలవాటు లేకపోతే ఇల్లెట్టా గడుస్తుంది?"

"గేదె పోయినాక గడిచేదేంది?" అంది పేరమ్మ.

చెవుల్లో ఈల మోగింది. "అయిపోయింది, వెళ్లొస్తారా?" అంది హసీనా.

"కుదరదు" అన్నాను.

"సరే" అంది పేరమ్మ.

ఇంటి దగ్గర కేశవులు కొత్త పలుపు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. గేదెను తోలుకుపోవడానికి సిద్ధపడి వచ్చాడు. అడిగాడు.

"కుదరదు" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పేరమ్మ ఇన్నేళ్లుగా ఆ మాటను ఎందుకు వదలలేదో తెలిసింది. చెవిపోగులో ఎర్ర దీపం వెలిగి ఆరిపోయింది.

కేశవులు పలుపు నేలకేసి కొట్టాడు. నా తిట్లన్నీ నన్నే తిట్టాడు. "ఇంక నీ కొట్టం తొక్కితే నా పేరు కేశవులు కాదు! ఆ నల్లదాన్ని నువ్వే చేపించుకో!" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం కాటుక చేపలేదు.

డిసెంబరు 31

పొద్దున కూడా చేపలేదు. పొదుగు రాయిలాగా ఉంది. తాకనివ్వడం లేదు. మిగిలింది సాయంత్రం పూట. ఏడాదికి అదే ఆఖరిది.

ఇంట్లో పరిస్థితి ఇట్టా ఉంది. పుంజుల వాళ్లు వచ్చి ఇంకో రెండు తెచ్చాం అంటే పేరమ్మ సరే అంది. దోమల కమిటీకి అధ్యక్షురాలు కూడా ఆమే. నేను కుదరదని మానుకున్నాను. మోకాలు చూస్తామని సంచార వైద్యులు వీధిలోకి వచ్చారు. ఏడాదంతా వాళ్ల కోసమే ఎదురుచూశాను. వద్దని పంపించేశాను.

మధ్యాహ్నం కేశవులు వాళ్లమ్మ శేషమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. కొట్టం తొక్కకుండా గడప బయటే నిలబడ్డాడు. మనిషి స్నానం చేసి నాలుగు రోజులైనట్టుంది.

"చెప్పు" అంది శేషమ్మ.

"బావా, నీ తిట్లు నువ్వే తీసుకో" అన్నాడు కేశవులు. "కంబం నాకు చుక్క నీళ్లివ్వడం లేదు. మర దగ్గరికి మనిషి రావడం లేదు. తిడతానని పక్కూరు పోయి పిండి పట్టించుకుంటున్నారు, వాళ్ల వంశం..."

శేషమ్మ వాడి నెత్తిమీద ఒకటి వేసింది. "నన్నంటే ఊరుకున్నా ఓబులేసూ. నిన్న అన్నం ముందు కూర్చుని అన్నాన్ని తిట్టాడు. నోరు మార్చుకొచ్చేదాకా కంచం పెట్టనని చెప్పినా. తీసుకో నాయనా నీ సొత్తు."

నాకు కావాల్సింది అదే. వారం రోజులుగా వాడి చుట్టూ తిరిగింది అందుకే. కాటుక కొట్టంలో కాలు మార్చుకుంటోంది. పొద్దు వాలుతోంది. నేను నోరు తెరిచాను.

"వద్దు" అన్నాను.

"అదేంది బావా?"

"కుదరదు."

"నువ్వే కదా అడిగావు!"

"లేదు" అన్నాను. అడిగాను. అడిగానని తెలుసు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వద్దు అనే మాట మళ్లీ వచ్చింది.

హసీనా చెప్పిన నిబంధన ప్రకారం ఇద్దరూ నోటితో ఒప్పుకోవాలి. ఏడుపు లెక్కలోకి రాదు.

శేషమ్మ నన్ను చూసింది, పేరమ్మను చూసింది. ముసలామెకు అర్థమైంది.

"అమ్మాయ్, నువ్వు తీసుకుంటావా వీడి తిట్లు?"

"సరే" అంది పేరమ్మ.

కేంద్రానికి పరుగెత్తాం. మోకాలితో పరుగెత్తాను. హసీనా తలుపు వేయబోతోంది. కేశవులునూ పేరమ్మనూ పక్కపక్కన కూర్చోబెట్టి మూతలు పెట్టింది.

"అంటే నాకు మళ్లీ ఆ సరే వస్తుందా? నీ యంత్రం తగలబడ, నేను..." అంటున్నాడు కేశవులు.

ఈల మోగింది.

"ఇద్దరికీ సమ్మతమే కదా?" అంది హసీనా.

"సరే" అన్నాడు కేశవులు.

"త్వరగా కానీ, నీ చెయ్యి విరగ, అవతల గేదె చస్తోంది!" అంది పేరమ్మ.

హసీనా చేతిలో మూత జారి కింద పడింది. నాకు పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

పేరమ్మ ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా పీట వేసుకుంది. కాటుక ఒక తన్ను తన్నింది. పేరమ్మ జరగలేదు. నీ పాడె గట్ట దగ్గర మొదలుపెట్టింది. దాని తల్లిని అడిగింది, అమ్మినవాణ్ణి అడిగింది, ఆ తర్వాత నేనెప్పుడూ వెళ్లని చోట్లకు వెళ్లింది. కంచె వేయనివాణ్ణి తిట్టింది. తిట్లను గాలికి పంచిపెట్టి పంచెలు మడతపెట్టుకునేవాణ్ణి తిట్టింది. దూడను తీసుకుపోయిన వానను తిట్టింది. అక్కడ ఆమె గొంతు కొంచెం ఆగింది. సరిగ్గా అక్కడే జిమ్మడ అంది.

కాటుక చేపింది. చెంబు నిండి బిందె తెప్పించాల్సి వచ్చింది. చెవిపోగు పచ్చగా వెలిగింది. అప్పటికి పొద్దు కొండమీద ఇంకా కొంచెం ఉంది.

జనవరి 1

నీళ్ల వంతుల్లో కాటుక పేరు ఉంది. కంబం చదివి వినిపించింది.

నీళ్లు తెచ్చుకోవడమే కుదరడం లేదు. పేరమ్మ వెళితే తిట్టు విని కట్టేస్తోంది. నేను వెళితే "నీళ్లు కావాలా?" అని అడుగుతోంది, నేను వద్దంటున్నాను. కేశవులును అడిగితే మా బిందెలు కూడా తెచ్చి పెడతానన్నాడు. ఏడాదంతా తెస్తావా అంటే దానికీ సరే అన్నాడు. శేషమ్మ వాడికి కంచం పెట్టింది.

హసీనా ఈ కాగితాలు ఇచ్చెయ్యమంది. కుదరదన్నాను. పేరమ్మ ఇప్పిస్తుంది.

పేరమ్మ పాలు పిండి, కాచి, గ్లాసుతో నా దగ్గరికి తెచ్చింది. మొన్నటినుంచి నిన్న సాయంత్రందాకా ఆ వాసన లేదు ఇంట్లో.

"తాగుతావా?" అంది.

"వద్దు" అన్నాను.

"నీ దుంపదెగ, పట్టుకో" అని చేతిలో పెట్టింది.

తాగాను.